పుండు మందుకూ లెక్కుంది

కోతల్లో కొడవలి వేలికి తగులుతుంది. కంప నరికేటప్పుడు తుమ్మముల్లు అరికాల్లో దిగుతుంది. దమ్ములో రోజుల తరబడి నాని కాలివేళ్ళ సందులు చీలతాయి. రైతు ఇంట ఇవన్నీ మామూలే. చాలావరకు వాటంతట అవే మానిపోతాయి కూడా. కానీ కొన్నిసార్లు ఆ చిన్న సందులోంచే బాక్టీరియా లోపలికి దూరుతుంది. చోటు ఎర్రబడి, వాచి, చీము పడుతుంది. కాలు కింద పెట్టలేని పరిస్థితి వస్తుంది. వారంలో మానాల్సిన పుండు నెల తింటే పోయేది కూలి ఒక్కటే కాదు, అదను కూడా పోతుంది. షుగరున్న మనిషైతే కాలికే ముప్పు.

అలాంటప్పుడు మనలో చాలామంది చేసే పని ఒకటే. మందుల షాపుకు వెళ్ళి, ‘కాలు వాచింది, నాలుగు గొట్టం మాత్రలివ్వు’ అని అడగడం. నాలుగూ వేసుకున్నాక నొప్పి తగ్గితే పనిలోకి దిగడం, తగ్గకపోతే ఈసారి ‘పవరున్న’ మందు అడగడం. ఇందులో లెక్కంటూ ఏమీ లేదు. చదువుకున్న ఫార్మసిస్టు మాత్రం పుండు మందును అలా చూడడు. మీరు ఎకరానికి విత్తనమెంత, ఎరువెంత, తడి ఎప్పుడు అని ఎలా లెక్క వేసుకుంటారో, ఆయన కూడా అలాగే వేసుకుంటాడు. ఆ లెక్క ఎలా ఉంటుందో ఈ వారం తెలుసుకుందాం. తెలిస్తే డాక్టరు దగ్గరా, షాపులోనూ ఏం చెప్పాలో, ఏం అడగాలో మీకే అర్థమవుతుంది.

ముందుగా ఒక మాట. మన దేశంలో యాంటీబయాటిక్ రాసివ్వాల్సింది డాక్టరు. ఆ చీటీ సరిగ్గా ఉందా, ఆ మనిషికి పడుతుందా, మోతాదు సరిపోతుందా అని సరిచూసి, వాడే పద్ధతి చెప్పి మందు ఇవ్వాల్సింది ఫార్మసిస్టు. పెద్దాసుపత్రుల్లో ఫార్మసిస్టులు డాక్టర్లతో పాటు వార్డులు తిరిగి మందుల ఎంపికలో సలహా ఇస్తుంటారు. అందుకోసమే 2008లో మన దేశంలో ఆరేళ్ళ ఫార్మ్‌.డి. కోర్సు మొదలైంది. కింద రాసిన మోతాదులు లెక్క అర్థం కావడానికే. వాటిని చూసి సొంతంగా మందు కొనవద్దు.

మొదటి ప్రశ్న: ఇది బాక్టీరియా పుండేనా?

వరిలో అగ్గితెగులుకు కొట్టే మందు బాక్టీరియా ఆకు ఎండు తెగులు మీద పనిచేయదని మీకు తెలుసు. ఒకటి శిలీంధ్రం, రెండోది బాక్టీరియా. ఒంటిమీద కూడా అంతే. గుండ్రంగా అంచు కట్టి దురద పెట్టే తామర శిలీంధ్రం వల్ల వస్తుంది. రాత్రిళ్ళు దురద పెడుతూ ఇంటిల్లిపాదికీ అంటుకునే గజ్జి చిన్న పురుగు వల్ల వస్తుంది. వీటికి యాంటీబయాటిక్ మింగినా ఫలితం ఉండదు. అన్ని రకాలకూ ఒకటే అంటూ అమ్మే కలగలుపు ఆయింట్‌మెంట్లలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత తామర ఒళ్ళంతా పాకుతుంది. వాటి జోలికి పోవద్దు.

బాక్టీరియా వల్ల వచ్చేవాటిలో మన పల్లెల్లో ఎక్కువగా కనిపించేవి మూడు.

సెగ్గడ్డ: గట్టిగా, నొప్పిగా లేచి మధ్యలో చీము పట్టే గడ్డ. దీనికి కారణం ఎక్కువగా స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. దీనికి అసలు వైద్యం చీము తీసేయడం. లోపల చీము నిలవ ఉండగా మాత్రలు మింగితే మందు అక్కడికి సరిగ్గా చేరదు. ఆసుపత్రిలో శుభ్రంగా కోసి చీము తీస్తే చాలా చిన్న గడ్డలు మాత్రలు లేకుండానే మానతాయి. జ్వరం ఉన్నా, చుట్టూ ఎరుపు బాగా వ్యాపించినా, గడ్డలు ఎక్కువగా ఉన్నా, షుగరున్నా మందు కూడా అవసరం. ఇంట్లో పిసకడం, ముల్లుతో పొడవడం, కాల్చిన సూదితో గుచ్చడం చేయకండి.

ఎర్రవాపు: డాక్టర్లు సెల్యులైటిస్ అంటారు. చీము ఉండదు. చర్మం ఎర్రగా, వేడిగా, నున్నగా వాచి, గంటగంటకూ పైకి పాకుతుంది. సాధారణంగా ఒక కాలికే వస్తుంది. దీనికి కారణం ఎక్కువగా స్ట్రెప్టోకాకస్ జాతి బాక్టీరియా. వేళ్ళ సందుల చీలికలే దానికి దారి. బోదకాలు ఉన్నవారికి ఇది మాటిమాటికీ వస్తుంటుంది. రోజూ సబ్బుతో కాలు కడిగి, మడతలు పొడిగా తుడుచుకుంటే ఆ రావడం తగ్గుతుంది.

పసిపిల్లల పొక్కులు: ముక్కు దగ్గర, నోటి చుట్టూ చిన్న పొక్కులు పగిలి తేనె రంగు పక్కు కడతాయి. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. రెండు మూడు చోట్ల ఉంటే ముపిరోసిన్ ఆయింట్‌మెంటు 5 రోజులు రాస్తే చాలు. ఎక్కువ చోట్ల ఉంటేనే లోపలికి మందు కావాలి.

రెండో ప్రశ్న: గాయం ఎక్కడ, ఎలా తగిలింది?

ఇది మీరు చెబితేనే తెలుస్తుంది. తగిలిన చోటును బట్టి లోపలికి దూరే క్రిమి మారుతుంది. కుక్క కరిచిన గాయానికి ఎంచుకునే మందు వేరు, దానికి పిచ్చికుక్క వ్యాధి టీకా కూడా తప్పనిసరి. మంచినీటి చెరువులో, కాలువలో తగిలిన గాయంలో ఏరోమోనాస్ అనే క్రిమి ఉండవచ్చు. ఉప్పునీటి రొయ్యల చెరువుల్లో విబ్రియో జాతి క్రిములుంటాయి. లివరు చెడినవారికి ఇవి గంటల్లో ప్రాణం మీదికి తెస్తాయి. పేడ, మట్టి పడిన గాయానికి ధనుర్వాతం సూది గురించి తప్పకుండా అడగాలి. వెనుక టీటీ అని ఇచ్చేవారు, ఇప్పుడు టీడీ అని ఇస్తున్నారు. కాబట్టి ‘పుండు పడింది’ అని ఊరుకోవద్దు. ‘నాలుగు రోజుల కిందట చెరువులో దిగినప్పుడు గీసుకుంది’ అని పూర్తిగా చెప్పండి.

మూడో ప్రశ్న: వాడేది ఎవరు?

పక్కింటాయనకు తగ్గించిన మాత్ర మీకు పడకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. చీటీ రాయించుకునేటప్పుడు, మందు తీసుకునేటప్పుడు వీటిని అడిగినా అడగకపోయినా మీరే చెప్పాలి.

• పెన్సిలిన్ గానీ, మరే మందు గానీ పడకపోవడం. వేసుకున్న వెంటనే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వచ్చాయా? లేక విరేచనాలు మాత్రమే అయ్యాయా? మొదటిది అసలైన ఎలర్జీ. రెండోది కాదు. ఈ తేడా తెలియక మంచి మందును దూరం చేసుకునేవారు చాలామంది.

• కిడ్నీ జబ్బు. చాలా యాంటీబయాటిక్స్ మూత్రం ద్వారానే బయటికి పోతాయి. కిడ్నీలు మందగిస్తే మందు ఒంట్లో పేరుకుపోతుంది, మోతాదు తగ్గించాలి. ఉద్దానం లాంటి కిడ్నీ జబ్బులున్న ప్రాంతాల రైతులు రక్తపరీక్ష కాగితం వెంట తీసుకెళ్ళడం మరీ ముఖ్యం.

• షుగరు, బీపీ మాత్రలు. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి షుగరు మాత్రలతో కలిస్తే షుగరు బాగా పడిపోవచ్చు. ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలతో కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండెకు ప్రమాదం. మీరు వాడే మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు.

• గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు. డాక్సీసైక్లిన్ గర్భిణులకు ఇవ్వరు. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు మామూలుగా వాడరు. పిల్లల మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి లెక్కిస్తారు. బిడ్డను తూకం వేయించి ఆ అంకె చెప్పండి.

నాలుగో ప్రశ్న: ఏ మందు?

క్రిమినీ మనిషినీ చూశాక మందు వంతు. ఇక్కడ సూత్రం ఒక్కటే. పని జరిగే వాటిలో పరిధి తక్కువున్న మందుతో మొదలుపెట్టాలి. ఒక్క పురుగు కోసం చేనులోని మిత్రపురుగులన్నిటినీ చంపే మందు కొట్టం కదా! పేగుల్లో మనకు మేలుచేసే బాక్టీరియా ఉంటుంది. పెద్ద మందులు దాన్ని కూడా తుడిచేస్తాయి.

చీము లేని ఎర్రవాపుకు స్ట్రెప్టోకాకస్ మీద బాగా పనిచేసే సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్ వంటివి ఎంచుకుంటారు. చీము గడ్డకు స్టెఫైలోకాకస్‌ను చంపే సెఫలెక్సిన్, క్లాక్సాసిలిన్ వంటివి కావాలి. మామూలు మందులకు లొంగని స్టెఫైలోకాకస్ కూడా ఉంది, దాన్ని ఎంఆర్ఎస్ఏ అంటారు. అది ఉందని అనుమానమొస్తే డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్, క్లిండామైసిన్‌ల వైపు చూస్తారు. అయితే డాక్సీసైక్లిన్, కోట్రైమాక్సజోల్ చీము గడ్డకు పనికొచ్చినంతగా ఎర్రవాపుకు నమ్మదగినవి కావు.

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనలకు సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

‘పవరున్న’ మందని అడిగి తీసుకునే సెఫిక్సిమ్ స్టెఫైలోకాకస్ మీద సరిగ్గా పనిచేయదు. కొత్తదీ, ఖరీదైనదీ అయినంత మాత్రాన మీ పుండుకు మంచిదని కాదు. గడ్డ మళ్ళీ మళ్ళీ లేస్తున్నా, మందుకు తగ్గకపోయినా చీమును పరీక్షకు పంపమని అడగండి. ఏ మందుకు లొంగుతుందో రెండు మూడు రోజుల్లో తేలుతుంది. కొత్త మందు మొదలుపెట్టక ముందే చీము తీసివ్వాలి. భూసార పరీక్షకు ఎరువు వేయకముందే మట్టి తీసినట్టు.

ఐదో ప్రశ్న: ఎంత? ఎన్ని రోజులు?

అసలు నష్టం జరిగేది ఇక్కడే. రెండు చీటీలు లెక్క వేసి చూద్దాం.

మొదటి చీటీ: 45 ఏళ్ళ రైతు. పిక్క మీద ఎర్రవాపు. చీము లేదు, పుండు లేదు, కొద్దిగా జ్వరం. షుగరుకు గ్లిమెపిరైడ్, బీపీకి ఎనలాప్రిల్ వాడుతున్నాడు. ఎలర్జీ లేదు, కిడ్నీలు బాగున్నాయి. ఈయనకు కోట్రైమాక్సజోల్ వద్దు. సెఫలెక్సిన్ 500 మి.గ్రా. ఆరు గంటలకొకటి, 5 రోజులు. అంటే రోజుకు 4, మొత్తం 20. నాలుగు గొట్టాలు కొంటే అది ఒక్క రోజు మందే! నొప్పికి డైక్లోఫెనాక్ బదులు పారాసిటమాల్, ఎందుకంటే మొదటిది కిడ్నీల మీద భారం వేస్తుంది. కాలు ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. వేళ్ళ సందుల చీలికలకు విడిగా మందు రాయాలి, లేకపోతే వచ్చిన దారి తెరిచే ఉంటుంది. మూడో రోజు మళ్ళీ చూపించుకోవాలి.

రెండో చీటీ: 12 కిలోల పాప. ముఖం మీద, చేతుల మీద చాలా చోట్ల తేనె రంగు పక్కులు. సెఫలెక్సిన్ రోజుకు కిలోకు 25 మి.గ్రా. చొప్పున 300 మి.గ్రా. మూడు పూటలకు పంచితే పూటకు 100 మి.గ్రా. సిరప్ 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉంటే పూటకు 4 మి.లీ. రోజుకు 12, ఏడు రోజులకు 84 మి.లీ. సీసా 30 మి.లీ. దైతే మూడు సీసాలు కావాలి. ఒక్క సీసా కొని అది అయిపోగానే ఆపితే బిడ్డకు అందింది రెండున్నర రోజుల మందే. పొడి సీసాలో కాచి చల్లార్చిన నీళ్ళు గీత వరకే పోయాలి. మూడూ ఒకేసారి కలపవద్దు, ఒకటి అయ్యాక ఒకటి కలపండి. టీ చెంచాతో కాకుండా సీసాతో ఇచ్చే కొలత మూతతోనో, సిరంజితోనో పోయండి.

సగం మందుతో ఆపితే ఏమవుతుందో చెప్పే పాత సంగతి ఒకటుంది. 1941 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు పెన్సిలిన్ ఎక్కించారు. చిన్న గాయంతో మొదలైన చీము ముఖమంతా పాకి, ఒక కన్ను కూడా పోయిన మనిషి. మందు పడగానే జ్వరం తగ్గింది, అన్నం తినసాగాడు. కానీ అప్పటికి ప్రపంచంలో ఉన్న పెన్సిలినే బహు కొద్ది. ఆయన మూత్రంలోంచి మందును తిరిగి తీసి మళ్ళీ ఎక్కించినా చాలలేదు. మందు అయిపోయింది, జబ్బు తిరగబెట్టింది, మార్చిలో ఆయన చనిపోయాడు. ఆయనకు మందు దొరకక ఆగిపోయింది. మనం మందు చేతిలో ఉండీ ఆపేస్తున్నాం.

అరకొర మందు వల్ల ఇంకో నష్టం కూడా ఉంది. 1987లో మన కోస్తా పత్తిలో శనగపచ్చ పురుగు సింథటిక్ పైరెథ్రాయిడ్ మందులకు లొంగకుండా పోయింది. మళ్ళీ మళ్ళీ అవే మందులు కొట్టడంతో చావకుండా మిగిలిన పురుగుల సంతానమే చేనంతా నిండింది. క్రిముల సంగతీ ఇదే. అవసరం లేని చోట వాడిన మందు, చాలీచాలని మోతాదులో వాడిన మందు మొండి క్రిములను మిగులుస్తుంది. అవి మీ ఒంట్లోనే ఆగవు, ఇంట్లో వాళ్ళకూ అంటుకుంటాయి.

అలాగని ఎక్కువ రోజులు మింగితే ఇంకా మంచిదనుకోవడమూ పొరపాటే. తగ్గుముఖం పట్టిన మామూలు ఎర్రవాపుకు 5 రోజులు చాలని ఇప్పటి వైద్యం చెబుతోంది. మందు అయిపోయాక కూడా కాస్త ఎరుపు, వాపు కొన్నాళ్ళు ఉండొచ్చు. చీటీలో ఎన్ని రోజులుంటే అన్ని రోజులే వాడండి. తగ్గించాలన్నా పెంచాలన్నా డాక్టరే చెప్పాలి.

ఆరో ప్రశ్న: పనిచేస్తోందా లేదా?

మందు మొదలుపెట్టిన రోజే ఎరుపు అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీసుకోండి. పక్కన తేదీ, టైము రాయండి. మొదటి రోజు ఎరుపు కొంచెం గీత దాటినా కంగారు పడనక్కర్లేదు. రెండు మూడు రోజులకు జ్వరం, నొప్పి తగ్గి ఎరుపు గీత లోపలికి రావాలి. రాకపోతే మందు మార్చాలి, లేదా లోపల చీముందేమో చూడాలి. ఆ నిర్ణయం డాక్టరుది. షాపులో ఇంకో రకం అడగడం కాదు.

కింది లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా 108కు ఫోన్ చేయండి: చర్మం మీద కనిపించేదానికంటే నొప్పి విపరీతంగా ఉండడం, చర్మం నల్లబడి బొబ్బలు లేవడం, నొక్కితే లోపల కరకరలాడడం, గీత దాటి గంటగంటకూ పాకడం, జ్వరంతో మనిషి తికమకగా మాట్లాడడం, మూత్రం తగ్గిపోవడం. ముఖం మీద కంటి దగ్గర వాపుకూ, షుగరున్నవారి పాదం పుండుకూ మొదటి రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

మందు తీసుకునేటప్పుడు

అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ మీదే ఇవ్వాల్సిన మందు. ఈ గుర్తు గురించి కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ప్రచారం చేపట్టింది. సెఫిక్సిమ్ వంటి మందులను 2014 మార్చి 1 నుంచి హెచ్1 జాబితాలో పెట్టారు. వీటిని అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలి. షాపతను చీటీ అడిగితే చిరాకు పడకండి. అడగడమే ఆయన డ్యూటీ.

డబ్బు చాలకపోతే ఆ మాట మొహమాటం లేకుండా చెప్పండి. అదే మందు వేరే కంపెనీది చౌకగా దొరకొచ్చు. జన ఔషధి కేంద్రంలో ఆ పేరుతోనే అడగొచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. సగం కొనడం కంటే ఇవన్నీ మేలు.

షాపు దిగేముందు ఈ ఐదూ అడిగి, అట్ట మీదే రాయించుకోండి.

1. రోజుకు ఎన్నిసార్లు, ఏ ఏ వేళల్లో?
2. మొత్తం ఎన్ని రోజులు? అన్నీ ఇచ్చారా?
3. తిండికి ముందా, తర్వాతా? పాలు, ఐరన్ మాత్రలతో పడుతుందా?
4. నేను వాడే షుగరు, బీపీ మాత్రలతో పేచీ ఉందా?
5. ఒంటికి పడకపోతే ఏం కనిపిస్తుంది? అప్పుడేం చేయాలి?

డాక్సీసైక్లిన్ ఇస్తే మరో రెండు జాగ్రత్తలు. గ్లాసెడు నీళ్ళతో వేసుకుని వెంటనే పడుకోకూడదు, గొంతు దిగువన పుండు పడుతుంది. ఎండకు చర్మం కమిలిపోతుంది కాబట్టి ఆ రోజుల్లో పొలం పని పొద్దున, సాయంత్రం వేళలకు మార్చుకుని, నిండు చేతుల చొక్కా వేసుకోవాలి.

ఏ మందు వేసుకున్నా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. తర్వాత ఆ మందు పేరు కాగితం మీద రాసి దాచుకోండి. జీవితాంతం పనికొస్తుంది. పశువులకు వాడే సూదిమందులు, పైరు మీద కొట్టే యాంటీబయాటిక్ పొడులు మనుషుల పుండ్లకు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు.

అన్నిటికంటే చవకైన మందు సబ్బు, నీళ్ళు. గాయమైన వెంటనే ధారగా నీళ్ళు పోసి సబ్బుతో కడగండి. సున్నం, పసరు, బూడిద, కాఫీ పొడి పెట్టకండి. శుభ్రమైన గుడ్డ కట్టండి. పొలం నుంచి రాగానే కాళ్ళు కడిగి వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడుచుకోండి. సాయంత్రం ఆ రెండు నిమిషాలు కేటాయిస్తే 20 గొట్టాల అవసరం చాలాసార్లు రాదు.